మిలిటరీ నుంచి ఇంటికొచ్చాక: హైదరాబాద్‌లో సైనిక కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. ఇప్పుడు ఉండేది అల్వాల్‌లో. ఆదివారం పొద్దున మా వరండాలోకి ఎవరో ఒకరు వస్తారు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో డిశ్చార్జ్ బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం), నాలుగైదు ఆధార్ జిరాక్సులు. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు ఏటా అవే. ఎక్కువసార్లు వినపడినవాటికి ఇక్కడ జవాబులు రాశాను.

ఏ సాయం కావాలన్నా ముందు ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి. పాతవాళ్లు ఇప్పటికీ సోల్జర్ బోర్డు అనే అంటారు. ఢిల్లీలో కేంద్రీయ సైనిక్ బోర్డు, రాష్ట్రంలో సైనిక సంక్షేమ శాఖ, జిల్లాలో ఈ ఆఫీసు. గ్రాంట్ల డబ్బు చాలావరకు ఢిల్లీ నుంచి వస్తుంది. కానీ మీరు ఫలానా అని తేల్చి సంతకం పెట్టేది జిల్లా ఆఫీసే. అక్కడ మీ పేరు నమోదు కాకపోతే పైవాళ్లకు మీరు లేనట్టే లెక్క.

రిటైరై ఊరికి రాగానే చాలామంది క్యాంటీన్ కార్డు, బ్యాంకు పని చూసుకుని ఈ నమోదు సంగతి మరిచిపోతారు. పదేళ్ల తర్వాత కూతురి పెళ్లికో, కొడుకు కౌన్సెలింగ్‌కో గుర్తొస్తుంది. వేరే జిల్లాలోనో, వేరే రాష్ట్రంలోనో నమోదై ఉండి ఇప్పుడు హైదరాబాద్‌లో స్థిరపడితే, ఆ రికార్డును ఇక్కడికి బదిలీ చేయించుకోవాలి. మేడ్చల్, రంగారెడ్డి వైపు ఉన్నవాళ్లు తమ కాలనీ ఏ ఆఫీసు కిందికి వస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఒక రోజు మిగులుతుంది.

సైనిక సంక్షేమ శాఖ ఉన్నది సోమాజిగూడలో, రాజ్‌భవన్ రోడ్డులోని సైనిక్ ఆరామ్‌ఘర్‌లో. శంషాబాద్ దారిలోని ఆరామ్‌ఘర్ చౌరస్తా వేరు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయన బస్సు అక్కడే దిగి, గంటసేపు అడ్రసు అడుగుతూ తిరిగి నాకు ఫోన్ చేశాడు.

మాజీ సైనికుడు అంటే యూనిఫాం వేసిన ప్రతివాళ్లూ వస్తారా?

రారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, ఈ మూడే. సీఆర్పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటివి హోంశాఖ కింద ఉంటాయి, వాళ్ల సంక్షేమ ఏర్పాట్లు వేరు. హకీంపేట సీఆర్పీఎఫ్ క్యాంపు వైపు నుంచి వచ్చి అడిగేవాళ్లకు ఇది చెప్పాలంటే నాకే మనసొప్పదు. కష్టంలో తేడా లేదు, కాగితంలో ఉంది.

పెన్షన్‌తో రిటైరైనవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. జవాన్లకు పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. పెన్షన్ లేకుండా మధ్యలో వచ్చేసినవాళ్ల సంగతి ఏ ఏడాది, ఏ కారణంతో వచ్చారన్న దాన్ని బట్టి మారుతుంది. డిశ్చార్జ్ బుక్కులో కారణం రాసిన పేజీ చూపించి అడగండి, నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబొస్తుంది. అగ్నివీర్లకు నాలుగేళ్ల తర్వాత పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. సర్వీసులో ఉన్నంతకాలం మాత్రం 48 లక్షల జీవిత బీమా ఉంటుంది, దానికి జీతంలోంచి కోత ఉండదు.

ఆధార్‌లో ఒక పేరు, ఆర్మీ రికార్డులో ఒక పేరు ఉంది. ఏం చేయాలి?

నా దగ్గరికొచ్చే పదిమందిలో ఆరుగురి సమస్య ఇదే. మనకు ఇంటిపేరు ముందుంటుంది. స్కూలు సర్టిఫికెట్‌లో దాన్ని ఒక అక్షరంగా కుదిస్తారు. భర్తీ రోజున ఎక్కడో ఉత్తరాది క్లర్కు ఆ అక్షరాన్ని విడదీసి రాస్తాడు, లేదా పూర్తిగా వదిలేస్తాడు. పెళ్లయ్యాక భార్య పేరు రికార్డులో పుట్టింటి ఇంటిపేరుతో ఎక్కుతుంది, ఆధార్ అత్తగారింటి పేరుతో తీసుకుంటుంది. ఇక లక్ష్మి అన్న ఒక్క పేరు చాలు. మన దగ్గర ఇంగ్లీషులో ఎక్స్ పెట్టి రాస్తాం, కోస్తా వాళ్లు కే-ఎస్-హెచ్ పెడతారు. మనిషికి ఇద్దరూ లక్ష్మే గానీ కంప్యూటర్‌కు కాదు.

నా సంగతే చెబుతాను. యూనిట్‌లో వందలమంది పార్ట్ టూ ఆర్డర్లు, అంటే సర్వీసు రికార్డులో వివరాలు ఎక్కించే ఉత్తర్వులు, నా చేత్తో రాశాను. రిటైరయ్యాక చూసుకుంటే నా భార్య పుట్టిన తేదీలో రోజూ నెలా తారుమారై ఉన్నాయి. ఒక ఆఫీసులో మా దగ్గర కాదన్నారు, ఇంకో ఆఫీసులో వాళ్లు పంపితేనే అన్నారు. సరయ్యేసరికి ఏడు నెలలు పట్టింది. లోపల ఉండి తెలిసినవాడికే అంత పడితే, ఏమీ తెలియని ఆమెకు ఎంత పడుతుందో ఊహించుకోండి.

ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లయితే యూనిట్‌లోనే పార్ట్ టూ ఆర్డర్ వేయించి సరిచేయించుకోండి, అంతకన్నా తేలిక దారి మళ్లీ దొరకదు. రిటైరైనవాళ్లు తమ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఈఎంఈ (ఆర్మీ యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) వాళ్లకు అదృష్టం, వాళ్ల రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయినవాళ్లు మాత్రం అక్కడికి వెళ్లి లాభం లేదు, ఆర్టిలరీ రికార్డ్స్ నాసిక్‌లో.

ఒకటి రెండు అక్షరాల తేడా అయితే రికార్డును కదపకుండా ఆధార్‌నే పీపీవోకు తగ్గట్టు మార్చుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. మీసేవకు వెళ్లేముందే స్పెల్లింగ్ కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. పేరు పూర్తిగా వేరైతే అఫిడవిట్, పత్రికలో ప్రకటన, గెజిట్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

లైఫ్ సర్టిఫికెట్ నవంబరులోనే ఇవ్వాలా?

అక్కర్లేదు. మిలిటరీ పెన్షన్ ఇప్పుడు బ్యాంకుల చేతిలో నుంచి స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ వ్యవస్థకు మారింది. అందులో, బతికే ఉన్నామని చూపే ఈ సర్టిఫికెట్ మీరు కిందటిసారి ఇచ్చిన తేదీ నుంచి ఏడాది లెక్క. తప్పినవాళ్ల పెన్షన్ ఆగుతుంది, తర్వాత ఇస్తే మళ్లీ మొదలవుతుంది. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్‌తో ముఖం చూపించి ఇంట్లోనే చేసుకోవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు ఇదే నయం. చేసేటప్పుడు మంజూరు చేసే సంస్థ, పెన్షన్ ఇచ్చే సంస్థ అని రెండుచోట్ల ఎంపిక అడుగుతుంది. అక్కడ పొరపాటున బ్యాంకు పేరు నొక్కితే సర్టిఫికెట్ వస్తుంది గానీ చేరాల్సిన చోటికి చేరదు. రెండు రోజులాగి స్పర్శ్‌లో నమోదైందో లేదో చూసుకోండి.

ఆయన పోయారు. నేను ముందు ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు పక్కన కొడుకునో తమ్ముణ్ణో పెట్టుకుని వస్తారు, వచ్చినాయనే మాట్లాడతాడు. నేను మాత్రం ఆమెకే చెబుతాను, ఎందుకంటే సంతకం పెట్టాల్సింది ఆమె.

మొదట మరణ ధ్రువీకరణ పత్రం. 21 రోజుల్లో నమోదైతే చిక్కులుండవు. ఆసుపత్రిలో పోతే వాళ్లే సమాచారం పంపుతారు, ఇంట్లో పోతే మనం చెప్పాలి. కంటోన్మెంట్ పరిధిలో జరిగితే నమోదు కంటోన్మెంట్ బోర్డులో, నగరంలో అయితే కార్పొరేషన్‌లో. అందులో ఆయన పేరు పీపీవోలో ఉన్నట్టే రాయించండి. శ్మశానం నుంచి వచ్చిన హడావిడిలో ఎవరో ఇంట్లో పిలిచే పేరు చెప్పేస్తారు, తర్వాత ఏడాది తిరుగుతారు.

తర్వాత స్పర్శ్‌లో మరణం తెలియజేసి ఫ్యామిలీ పెన్షన్‌కు దరఖాస్తు. పీపీవోలో భార్య పేరు ముందే ఉంటే పని తేలిక. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతం. సర్వీసు కారణంగా చనిపోతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ 60 శాతం, యుద్ధంలోనో, ఉగ్రవాదుల చేతిలోనో అయితే లిబరలైజ్డ్ పెన్షన్, ఆఖరి జీతం మొత్తం. ఆయన పోయిన తర్వాత ఖాతాలో పడ్డ పెన్షన్ డబ్బు తీయకండి, అది తిరిగి కట్టాల్సి వస్తుంది. గ్రూప్ ఇన్సూరెన్స్ పొడిగింపు ఉందేమో డిశ్చార్జ్ కాగితాల్లో వెతకండి, చాలామందికి అది ఉందనే తెలియదు.

కూతురి పెళ్లికి, పిల్లల చదువుకు డబ్బు వస్తుందా?

వస్తుంది, కానీ ర్యాంకు చూస్తారు. ఈ గ్రాంట్లు హవల్దార్, ఆ కింది ర్యాంకుల వాళ్లకే. సుబేదార్ గారి భార్య అడిగితే లేదనే చెప్పాలి. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు మొత్తాలు రెట్టింపయ్యాయి. పెళ్లి గ్రాంటు 50 వేల నుంచి లక్ష అయింది. ఇద్దరు కూతుళ్ల దాకా, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఇస్తారు. చదువుకు ఒక్కొక్కరికి నెలకు వెయ్యి ఇచ్చేది రెండు వేలైంది, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఇద్దరు పిల్లలకు. పెన్షన్ లేని, 65 దాటిన ముసలివాళ్లకు, వాళ్లు లేకపోతే భార్యలకు నెలకు 4 వేలున్న సాయం 8 వేలైంది.

ఆన్‌లైన్‌లో కేంద్రీయ సైనిక్ బోర్డు సైట్‌లో పెట్టాలి. జిల్లా ఆఫీసు అసలు కాగితాలు చూసి ముందుకు పంపుతుంది. పెళ్లయిన 180 రోజుల్లోపు పెట్టాలి. మన దగ్గర పెళ్లి ఖర్చుల లెక్కలు, శ్రావణం, బతుకమ్మ, సంక్రాంతి కట్నకానుకలు అయ్యేసరికి ఆ ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. మ్యారేజ్ సర్టిఫికెట్ పెళ్లయిన వారంలోనే తీసుకోండి.

ఈ డబ్బు ఎక్కడిదని ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతారు. ఆ రోజు బళ్లలో, ఆఫీసుల్లో చొక్కాకు గుచ్చే చిన్న జెండా గుర్తుందా? ఆ జెండాల విరాళాల నిధే.

ఇంజినీరింగ్, మెడిసిన్ చదివే పిల్లలకు?

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. అమ్మాయిలకు నెలకు 3 వేలు, అబ్బాయిలకు 2,500. వృత్తి విద్యా కోర్సుల్లో మొదటి ఏడాది చేరినవాళ్లు పెట్టుకోవాలి, ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. ఏటా దేశం మొత్తానికి 5,500 మందికి. ఇది జేసీవోల (సుబేదార్ స్థాయి వాళ్ల) పిల్లలకూ వర్తిస్తుంది, ఆఫీసర్ల పిల్లలకు కాదు.

సీట్ల విషయానికొస్తే, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో క్యాప్ అనే సైనికుల పిల్లల కోటా 2 శాతం. సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లలకూ, మాజీల పిల్లలకూ. ఈ కోటా కాగితాల పరిశీలన మామూలు హెల్ప్‌లైన్ సెంటర్లలో కాకుండా ప్రత్యేక కేటగిరీల కేంద్రంలో ఉంటుంది. తేదీ నోటిఫికేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది తప్పితే ర్యాంకు ఎంతొచ్చినా కోటా పోయినట్టే.

అసలు గొడవ లోకల్, నాన్‌లోకల్ దగ్గర. తండ్రి పఠాన్‌కోట్‌లో, జోధ్‌పూర్‌లో ఉంటే పిల్లవాడు అక్కడి కేంద్రీయ విద్యాలయంలో చదువుతాడు. ఇక్కడికొచ్చేసరికి పరాయివాడు. మెడికల్ సీట్లలో నాలుగేళ్ల వరుస చదువు నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. అయితే తెలంగాణకు చెందిన సైనికుల పిల్లలకు మినహాయింపు ఇచ్చేలా రాష్ట్రం నిబంధన సవరించింది. దానికి సర్వీసులో చేరినప్పుడు రాసిన సొంతూరు కీలకం. సర్వీసు కాగితాల్లో సొంత జిల్లా ఏం రాసి ఉందో కొడుకు పదో తరగతిలో ఉండగానే చూసుకోండి.

ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే ఏ ఆసుపత్రికైనా వెళ్లొచ్చా?

ఈసీహెచ్‌ఎస్ అంటే మాజీ సైనికుల వైద్య పథకం. మామూలుగా ముందు దాని పాలీక్లినిక్, అక్కడి రెఫరల్‌తో ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రి. ప్యానెల్ మారుతూ ఉంటుంది, కిందటేడు చూపించుకున్న ఆసుపత్రి ఈ ఏడు ఉండకపోవచ్చు, బయల్దేరేముందు ఫోన్ చేయండి. గుండెనొప్పి లాంటి అత్యవసరంలో దగ్గరున్న ఏ ఆసుపత్రిలోనైనా చేర్చి, 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఆ టెన్షన్‌లో ఇది గుర్తుండదు. అందుకే మా ఫ్రిజ్ తలుపు మీద పాలీక్లినిక్ నంబరు అంటించి పెట్టాను, పక్కింటి వాళ్లకు కూడా చెప్పాను.

కార్డు కొడుకుకు 25 ఏళ్లు వచ్చే దాకా, లేదా అంతకుముందే సంపాదన మొదలైతేనో పెళ్లయితేనో అప్పటిదాకా. కూతురికి వయసు పరిమితి లేదు, పెళ్లి, సంపాదన మాత్రమే చూస్తారు. తల్లిదండ్రులు ఇద్దరిదీ కలిపి నెల ఆదాయం, డీఏ కాకుండా, 9 వేలు దాటకూడదు. యుద్ధంలో భర్తను కోల్పోయిన వితంతువులు చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇంటి పన్ను మినహాయింపు నిజమేనా?

జీహెచ్‌ఎంసీ మినహాయింపుల జాబితాలో సైనికులు, మాజీ సైనికులు తాముండే సొంత ఇల్లు ఉంది. దానంతటది రాదు, అడగాలి. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ధ్రువీకరణ, డిశ్చార్జ్ బుక్కు నకలు జతచేసి సర్కిల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. పై అంతస్తు అద్దెకిచ్చి మొత్తానికీ మినహాయింపు అడిగితే కుదరదు. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది ఇంకో మెలిక. మనవాళ్లు రిజిస్ట్రేషన్ ఖర్చు చూసో, ప్రేమ కొద్దో భార్య పేరునో, కొడుకు పేరునో రాయిస్తారు. అప్పుడు కౌంటర్ దగ్గర వాదన మొదలవుతుంది.

బొల్లారం, కార్ఖానా, తిరుమలగిరి, బోయిన్‌పల్లిలో చాలా కాలనీలు కంటోన్మెంట్ బోర్డు కింద ఉంటాయి. అది 2006 కంటోన్మెంట్ల చట్టంతో నడిచే వేరే పాలన, జీహెచ్‌ఎంసీ మినహాయింపు అక్కడ చూపిస్తే పనికిరాదు. రోడ్డుకు ఇటు ఒక పన్ను, అటు ఒక పన్ను. కంటోన్మెంట్‌లో ఉన్నంత మాత్రాన మిలిటరీ సౌకర్యాలు రావని కూడా చెప్పాల్సి వస్తుంటుంది, అక్కడ ఎక్కువమంది సివిల్ వాళ్లే కదా.

నాన్నగారికి ప్రభుత్వం ఇచ్చిన భూమి అమ్ముకోవచ్చా?

మామూలు అసైన్డ్ భూమి అమ్మడానికి లేదు. మాజీ సైనికులకు ఇచ్చినదానికి మాత్రం పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలుంది. అయినా ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంటుంది కాబట్టి కలెక్టర్ ఎన్‌ఓసీ లేకుండా రిజిస్ట్రేషన్ సాగదు. నగరం చుట్టుపక్కల గజాల లెక్కన ధర పలికే చోట్ల, ఎన్‌ఓసీ తామే తెప్పిస్తామని ముందే అగ్రిమెంట్ రాయించుకునేవాళ్లు తిరుగుతుంటారు. అసలు పట్టా కాగితం వాళ్ల చేతికి ఇవ్వకండి. జిరాక్స్ చాలు.

ఉద్యోగాల్లో కోటా ఎంత?

రాష్ట్ర నియామకాల్లో 2 శాతం. కేంద్రంలో గ్రూప్ సీలో 10, బ్యాంకు క్లర్కుల్లో 14.5 శాతం. కేంద్ర ఉద్యోగాలకు వయసులో చేసిన సర్వీసు తీసేసి, పైన ఇంకో మూడేళ్లు సడలింపు. పదో తరగతితో చేరి 15 ఏళ్లు చేసినవాళ్లకు గ్రూప్ సీ ఉద్యోగాలకు డిగ్రీతో సమానమైన సర్టిఫికెట్ ఇస్తారు. రాష్ట్ర ఉద్యోగాల నోటిఫికేషన్‌లో దాన్ని ఒప్పుకుంటారో లేదో ఒక్కో పోస్టుకు చదువుకోవాలి.

మా అబ్బాయి బోర్డర్‌లో ఉన్నాడు, ఊళ్లో పొలం గట్టు జరిపేశారు. ఎవరికి చెప్పాలి?

అబ్బాయి తన కమాండింగ్ ఆఫీసర్ ద్వారా కలెక్టర్‌కు, ఎస్పీకి లేఖ పంపించవచ్చు. నకలు జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు. ఫోన్‌లో అన్నదమ్ములతో అరిచేకన్నా ఆ లేఖకు బరువెక్కువ. కోర్టులో కేసు ఉంటే 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం ఉంది. యుద్ధ విధుల్లాంటి ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్న సైనికుడు లేడని చెప్పి, అతని వెనక కేసు తేల్చేయకుండా వాయిదా కోరవచ్చు. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనిక బోర్డుల్లోనే ఉచిత న్యాయ సలహా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. పెన్షన్ వివాదం అయితే దారి వేరు, సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. మనది చెన్నై బెంచ్.

అమరుడైతే రాష్ట్రం ఐదు కోట్లు ఇస్తుందట కదా?

సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఐదు కోట్లు, బంజారాహిల్స్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అదే ఘటనలో పోయిన మిగతా 19 మంది కుటుంబాలకు, వేరే రాష్ట్రాల వాళ్లయినా, పది లక్షల చొప్పున ప్రకటించింది. అది ఆ సందర్భానికి తీసుకున్న నిర్ణయం. అందరికీ అంతే వస్తుందని ఆశపెట్టుకుని, కట్టుదిట్టంగా రావాల్సిన కేంద్ర ఎక్స్‌గ్రేషియా, లిబరలైజ్డ్ పెన్షన్ కాగితాలు ఆలస్యం చేయొద్దు.

ఏజెంటు రెండు వేలిస్తే పని చేయిస్తానంటున్నాడు...

ఈ ఆఫీసుల్లో దరఖాస్తుకు ఫీజు లేదు. ఆన్‌లైన్ ఫారం నింపినందుకు నెట్ సెంటర్‌వాడికి యాభయ్యో వందో ఇవ్వడం వేరు. స్పర్శ్ పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, పెన్షన్ ఆఫీసు నుంచి ఫోన్ అన్నా సరే.

ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఏమేం పట్టుకెళ్లాలి?

డిశ్చార్జ్ బుక్కు అసలుది, పీపీవో, ఐడీ కార్డు, ఇద్దరి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగు, భార్యాభర్తల జాయింట్ ఫోటో రెండు. డిశ్చార్జ్ బుక్కు మడతల దగ్గర చిరుగుతుంటే లామినేషన్ చేయించకండి. లామినేట్ చేసిన పేజీ మీద ముద్ర పడదు, కొత్త ఎంట్రీ రాయలేరు. ప్రతి పేజీ స్కాన్ చేసి పిల్లల ఫోన్‌లో ఒకటి, మీ మెయిల్‌లో ఒకటి పెట్టుకోండి. ఫోటో వెనక పెన్సిల్‌తో సర్వీస్ నంబరు రాయండి, పెన్నుతో రాస్తే ముందువైపు దిగుతుంది.